ఏథెన్స్ పేటల్లోని తవెర్నాలో శాకాహారులైన అమ్మానాన్నలతో భోజనం

జూన్ రెండో వారంలో అమ్మానాన్నలను వెంటబెట్టుకొని ఏథెన్స్ వెళ్తున్నారనీ, యాత్రికుల కోసం ముస్తాబు చేసిన హోటళ్లలో కాక అక్కడి జనం తినే పాతకాలపు తవెర్నాలో ఒక్క పూటైనా భోంచేయాలని ఉందనీ, కాకపోతే వారిద్దరూ మాంసం, చేప, గుడ్డు ముట్టరు కనుక రొట్టె, సలాడ్‌లతో సరిపెట్టుకోవలసి వస్తుందేమోనని దిగులుగా ఉందనీ మీరు రాశారు. నేను విశాఖపట్నం నుంచి ఓడల ఇంజనీరుగా బయలుదేరి, చివరికి ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులోని ఒక నౌకా సంస్థ కార్యాలయంలో పదకొండేళ్లు పనిచేశాను. ఆ పదకొండేళ్లూ మా కాపురం ఏథెన్స్‌లోని ఆనో పెత్రలోనా పేటలోనే. పూర్తి శాకాహారి అయిన మా అత్తగారు రెండు వేసవులు మా దగ్గర ఉన్నారు. కాబట్టి మీరు అడిగినదానికి అనుభవం మీదే జవాబు చెప్పగలను. అక్కడ శాకాహారం కరువు కాదు, దాన్ని అడిగే పద్ధతి తెలియకపోవడమే చిక్కు.

తవెర్నాలో కార్డు చూసి వంటకాలు ఎంచుకోవడం రెండో పని. ఈ రోజు ఏమి వండారని అడగడం మొదటి పని. కార్డులో ఏడాది పొడుగునా వండగలిగినవన్నీ అచ్చువేసి ఉంటాయి, కానీ వంటగదిలో ఆ పూటకు ఉండేవి నాలుగైదు గిన్నెలే. పాతకాలపు చోట్ల ఆ రోజు దొరికే వంటకాల ఎదురుగా మాత్రమే ధర రాసి, తక్కినవాటి పక్కన ఖాళీ వదిలేసే ఆచారం ఇప్పటికీ కనిపిస్తుంది. ధర లేనిది చూపించి అడిగితే వడ్డించేవాడు తల పైకెత్తి నాలుకతో చిన్నగా చప్పుడు చేస్తాడు. అది విసుగు కాదు, "లేదు" అనడం. మనవాళ్లను మరింత తికమక పెట్టే సంగతి ఇంకొకటి ఉంది. గ్రీకు భాషలో "నే" అంటే అవును. మన చెవికి అది కాదన్నట్టే వినిపిస్తుంది. మా అత్తగారు మొదటి వారమంతా "బెండకాయ ఉందా" అని సైగలతో అడగడం, అతడు "నే, నే" అనడం, ఈమె నిరాశపడి లేచిపోవడం జరిగాయి.

బోర్డు మీద తవెర్నా అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ప్సిస్తారియా అంటే నిప్పుల మీద మాంసం కాల్చే చోటు. ప్సరొతవెర్నాలో చేపలదే ప్రాధాన్యం. ఉజెరీ, మెజెదొపోలీయో అనేవి ఊజో, త్సిపురో వంటి మద్యాలతో పాటు చిన్న చిన్న పళ్లేలు తెచ్చిపెట్టేవి. కుతూకి అంటే ఇరుకైన పాత నేలమాళిగ, గోడ వెంట ద్రాక్షసారా పీపాలు ఉంటాయి. మీకు కావలసింది మయిరియో అనే వంటిల్లు, లేదా మయిరెఫ్తా వడ్డించే తవెర్నా. మయిరెఫ్తా అంటే పొద్దున్నే కుండలలోనో ట్రేలలోనో వండి పెట్టిన కూరలు. తలుపు దగ్గర గాజు అల్మరాలో ఆ ట్రేలు పేర్చి ఉంటాయి. అల్మరా లేకపోతే వంటగది గుమ్మం దాకా వెళ్లి గిన్నెల్లోకి తొంగిచూడడానికి అనుమతి అడగవచ్చు. అది అక్కడ పాత మర్యాదే, ఎవరూ తప్పుపట్టరు. మీ అమ్మగారికి భాష రాకపోయినా కూర చూస్తే అర్థమవుతుంది కనుక ఆమెనే ముందు పంపించండి.

ఇక ఏ పేటకు వెళ్లాలన్నది. అక్రోపోలిస్ కొండ కింద యాత్రికులతో నిండే ప్లాకా పేటలో మంచివి అసలు లేవని నేను అనను. కానీ గుమ్మం ముందు ఒక మనిషి నిలబడి దారిన పోయేవారిని పిలుస్తూ, వంటకాల రంగుల ఫొటోలు బోర్డుకు అంటించి ఉన్నచోట ఆగనవసరం లేదు. పొద్దున ఎండ ముదరకముందే అక్రోపోలిస్ చూసి దిగితే, అక్రోపోలిస్ మ్యూజియం నుంచి దక్షిణంగా పది నిమిషాల నడకలో కుకాకి పేట వస్తుంది. పెద్దవాళ్లకు అదే అన్నిటికన్నా సులువు. అక్కడికి దగ్గరి మెట్రో స్టేషన్ సింగ్రూ ఫిక్స్. మా పాత పేట పెత్రలోనాకు నగరం నడుమనున్న మొనస్తిరాకి స్టేషన్‌లో పిరేయస్ వైపు వెళ్లే ఆకుపచ్చ లైను ఎక్కితే రెండో స్టేషన్‌లో దిగాలి. అక్కడి త్రోఓన్ వీధిలో సాయంత్రం నడుస్తూ పోతే మీ ముక్కే దారి చూపిస్తుంది. 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం వెనుక పంగ్రాతి పేట, అందులో వర్నావా చౌరస్తా చుట్టుపక్కల వీధులు కూడా నమ్మదగినవే. మీరు మాంసాహారులు కనుక ఒక పూట కెసరియాని వైపు వెళ్లి చూడండి. 1922లో ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థులు గుడారాలు వేసుకున్న చోటు అది. టర్కీ తీరంలోని స్మిర్నా నగరం వాళ్ల సుత్జుకాకియా అనే టమాటా గుజ్జులోని మాంసపు ఉండలలో జీలకర్ర వాసన గుప్పున కొడుతుంది. తక్కిన గ్రీకు వంటలో అంత జీలకర్ర మీకు ఎక్కడా తగలదు. ఆ వంటకం ఎక్కడినుంచి ప్రయాణం చేసి వచ్చిందో ఆ వాసనే చెబుతుంది.

చాలామంది సిఫారసు చేసే దిపోర్తో గురించి కూడా చెప్పాలి. వర్వాకియోస్ మార్కెట్ పక్కన బోర్డు లేని నేలమాళిగ అది. పేరుకు అర్థం రెండు తలుపులది అని. గోడ వారగా పీపాలు, కార్డు లేదు, ఉడికించిన శనగలు దాని పేరుమోసిన వంటకం. శనగలు మీ అమ్మానాన్నలకు సరిపోతాయి కానీ నిటారు మెట్లు దిగాలి, పైగా ఆ చుట్టుపక్కలంతా మేకల, గొర్రెల కళేబరాలు వేలాడే మాంసపు బజారు, దాని పక్కనే చేపల బజారు. పుట్టినప్పటినుంచి శాకాహారులైనవారిని ఆ దారిన తీసుకువెళ్లి ఆపైన భోజనానికి కూర్చోబెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. మీరు ఒక్కరే వెళ్లి రండి.

వేళ విషయంలో మన అలవాటు పనికిరాదు. మధ్యాహ్న భోజనం అక్కడ రెండింటికి మొదలవుతుంది, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. రాత్రి ఏడింటికి వెళ్తే వడ్డిస్తారు గాని, చుట్టూ ఖాళీ బల్లలే ఉంటాయి. మీ ఇంటివారితో మధ్యాహ్నమే వెళ్లమని గట్టిగా చెబుతాను. ఎందుకంటే పొద్దున వండిన కూరలన్నీ ఆ వేళకు ట్రేలలో నిండుగా ఉంటాయి, రాత్రికి వాటిలో మంచివి అయిపోయి నిప్పుల మీద కాల్చే మాంసమే మిగలవచ్చు. ఒంటిగంటన్నరకు చేరితే అన్నీ దొరుకుతాయి, మీవాళ్ల ఆకలి వేళా మరీ దాటిపోదు.

కూర్చోగానే బల్ల మీద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టి, ఒక బుట్టలో రొట్టె ముక్కలు, ఫోర్కులు, కాగితపు రుమాళ్లు తెచ్చి పెడతారు. ఆ రొట్టెకు తలకు ఇంత అని బిల్లులో కలుపుతారు. అది చిన్న మొత్తమే, మోసం కాదు, అక్కడివాళ్లూ కడతారు. ఏథెన్స్ కుళాయి నీళ్లు తాగదగినవి కనుక జగ్గులో నీళ్లు అడగండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట "లదెరా". నూనెవి అని దాని అర్థం. కూరగాయలను ఆలివ్ నూనె, ఉల్లి, టమాటా, సోంపు మొక్కను పోలిన ఆకులు, కొత్తిమీరలా కనిపించే పార్స్లీ వేసి, సన్నటి సెగ మీద నీరంతా ఇగిరి నూనె తేలేదాకా మగ్గబెట్టే వంటలన్నిటికీ కలిపి ఆ పేరు. గుత్తివంకాయ వండే ఇంటివారికి ఈ పద్ధతిని వివరించనక్కరలేదు. జూన్‌లో మీకు దొరికేవి ఫసొలాకియా అనే ఫ్రెంచి బీన్స్ కూర, వంకాయ, బంగాళదుంప, గుమ్మడి జాతి లేత కాయలు కలిపి ఓవెన్‌లో వేయించే బ్రియామ్, ఉల్లిపాయలు కూరి వండే వంకాయ అయిన ఇమామ్, టమాటాలు, బెంగుళూరు మిరపకాయల కడుపులో బియ్యం కూరిన యెమిస్తా. బెండకాయను బామియెస్ అంటారు. వేలి కొనంత కాయలను ముచ్చికలు తీసి, వెనిగర్ చల్లి ఎండలో ఉంచి, జిగురు పోయాక టమాటాతో వండుతారు. మా అత్తగారు ఆ వెనిగర్ కిటుకు నేర్చుకొని వచ్చి అనకాపల్లిలో ఇప్పటికీ వాడుతున్నారు.

పప్పు విషయంలో దిగులు పడనక్కరలేదు. ఫావా అని అడిగితే పసుపుపచ్చని బద్దలను మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, నూనె, నిమ్మకాయ వేసి ఇస్తారు. దాన్ని ముద్దపప్పు అనడానికి నెయ్యి, ఉప్పావకాయ మాత్రమే లోటు. పెద్ద తెల్ల చిక్కుడు గింజలను టమాటాతో ఓవెన్‌లో వండితే యీగాంతెస్. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర. చలికాలంలో చేదు ఆకులు వస్తాయి గాని, వేసవిలో వచ్చేది వ్లీతా, అది మన తోటకూర జాతిదే. ఉప్పునీళ్లలో ఉడికించి, నూనె పోసి, నిమ్మ చెక్క పక్కన పెట్టి తెస్తారు. పోపు లేని తోటకూర ఏమిటని మీ నాన్నగారు అనవచ్చు, రెండో ముద్దకు సర్దుకుంటారు.

ఈ కూరలన్నీ గోరువెచ్చగా, ఒక్కోసారి పూర్తిగా చల్లారి వస్తాయి. నిన్నటివి పెట్టారని మనవాళ్లు వడ్డించేవాడితో గొడవపడడం నేను కళ్లారా చూశాను. ఆలివ్ నూనెలో మగ్గిన కూర చల్లారాకే రుచి పట్టుకుంటుందని వారి నమ్మకం, అందులో నిజం ఉంది. మన పులిహోర సంగతి ఆలోచించండి. కారం మాత్రం ఆశించకండి. "బూకొవో" అని అడిగితే ఎండుమిరప పొడి చిన్న గిన్నెలో తెస్తారు. దానితో అన్ని సమస్యలూ తీరతాయని చెప్పను గాని, పచ్చడి సీసా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టడం కన్నా అది మర్యాద.

గుడ్డు, పాలు కూడా లేనిది కావాలంటే అడగవలసిన మాట "నిస్తీసిమో", అంటే ఉపవాసానికి పనికివచ్చేది. గ్రీకు సనాతన క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు వారాల తరబడి, ఆగస్టు మొదటి పద్నాలుగు రోజులు, ఏడాదిలో చాలా బుధ, శుక్రవారాలు మాంసం, గుడ్డు, పాల పదార్థాలు మానేస్తారు. కూరగాయల వంట అక్కడ ఇంత లోతుగా పెరగడానికి పేదరికంతో పాటు ఈ నియమమూ కారణమే. అయితే ఒక మెలిక జాగ్రత్తగా చూసుకోండి. రక్తం లేనివన్న లెక్కన రొయ్యలు, కణవలు, ఆక్టోపస్, గుల్లలు ఉపవాసానికి చెల్లుతాయి. కనుక నిస్తీసిమో అన్నంత మాత్రాన మీ నాన్నగారి పళ్లెంలోకి వచ్చేది కూరగాయే అని అనుకోకూడదు. "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలసినా, హోరిస్ అవ్గో" అని వరసగా చెప్పండి. మాంసం, చేప, రొయ్యల వంటివి, గుడ్డు లేకుండా అని అర్థం.

తరచుగా మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. యెమిస్తాలో కొందరు బియ్యంతో పాటు మాంసపు కీమా కూరుతారు. ద్రాక్షాకుల దొల్మాదెస్‌లోనూ అంతే, కీమా లేనివాటిని యలాంత్జీ అంటారు. బామియెస్ కోడితో కలిపి, యీగాంతెస్ సాసేజ్‌తో కలిపి వండడం కద్దు. గులాబీ రంగు తరమొసలాతా చేప గుడ్లతో చేసేది. మూసకా మాంసపు వంటకమే, దాని పైనున్న తెల్లటి పొరలో గుడ్లు ఉంటాయి. కూరగాయల వడలైన కొలొకిథొకెఫ్తెదెస్‌లో గుడ్డు కలుపుతారు, వాటిని వేయించే నూనెలోనే కణవలూ వేగుతాయి. ఫెతా జున్నును గొర్రె పాలతో, కావాలంటే 30 శాతం మించకుండా మేకపాలు కలిపి చేయాలన్నది నియమం. కానీ పాలు విరగడానికి సంప్రదాయంగా గొర్రెపిల్ల, మేకపిల్ల పొట్టలోని రెన్నెట్ అనే పదార్థం వాడతారు. ఈ సంగతి మీ అమ్మానాన్నలకు పట్టింపు అయితే హోరియాతికి అనే సలాడ్‌ను ఫెతా లేకుండా అడగండి. పట్టింపు లేకపోతే ఆ టమాటా, కీరదోస, ఉల్లి, ఆలివ్‌ల మీద పలకలా పెట్టిన ఫెతాను వదులుకోకండి.

ఎవరూ ప్రశ్నించరు గాని మన ఇళ్లలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఎంగిలి. తవెర్నాలో ఎవరి పళ్లెం వారిది కాదు. వంటకాలన్నీ బల్ల మధ్యలో పెడితే అందరూ తమ తమ ఫోర్కులతో అందులోంచే తీసుకుంటారు. సలాడ్ అడుగున మిగిలిన నూనె, టమాటా రసంలో రొట్టె ముంచి తినడానికి పపారా అని ప్రత్యేకంగా పేరే ఉంది, అది కూడా ఉమ్మడి గిన్నెలోనే. పరేయా అంటే కలిసి కూర్చున్న బృందం, ఆ మాటలో స్నేహం ఎంత ఉందో ఎంగిలి పట్టింపు లేకపోవడమూ అంత ఉంది. మా అత్తగారు మొదటిసారి మా గ్రీకు పొరుగువారి ఫోర్కు తన ఆకుకూరలో దిగడం చూసి చేయి వెనక్కి తీసుకున్నారు. మీరు మొదట్లోనే తలకొక ఖాళీ పళ్లెం, ప్రతి వంటకానికి ఒక పెద్ద చెంచా అడిగి పుచ్చుకోండి. అమ్మానాన్నల కూరలు బల్లకు ఒక వైపు, మీ మాంసం పళ్లెం మరో వైపు ఉంచమని చెబితే వడ్డించేవాడు కారణం అడగకుండానే అలా సర్దుతాడు. ఉపవాసాల దేశం కదా, తిండి నియమాలు వారికి వింత కాదు.

మీ ముగ్గురికి ఒక సలాడ్, ఫావా, ఆకుకూర, రెండు లదెరా, మీకు ఒక మాంసపు వంటకం చాలు. పళ్లేలు పెద్దవి. అన్నీ ఒకేసారి చెప్పకండి, ఏది ముందు తయారైతే అది ముందు వస్తుంది, వరస ఉండదు. మీరు తినేదానికి నా సలహా పైదాకియా, అంటే నిప్పుల మీద కాల్చిన గొర్రెపిల్ల పక్కటెముకలు. కిలో లెక్కన అమ్ముతారు, చేత్తో పట్టుకొని తినడమే పద్ధతి.

కిలో లెక్క అన్నాను కనుక చేప గురించి హెచ్చరిక. చేరిన మొదటి నెలలో, పేరు చెప్పనవసరం లేని ఒక రేవు పక్క హోటల్లో మంచు మీద పేర్చిన చేపను చూపించి "ఇది కావాలి" అన్నాను. ధర కిలోకు అని కార్డులో స్పష్టంగానే ఉంది, తూకం వేయించి చూడనిది నేను. వచ్చిన బిల్లు ఆ వారం కూరగాయల ఖర్చు కన్నా ఎక్కువ. చేపను మీ ఎదుట తూచి, మొత్తం ఎంతో చెప్పాకే పొయ్యి ఎక్కించమనండి. గడ్డకట్టించి నిల్వచేసినదైతే కార్డులో పేరు పక్కన "కట్." అన్న పొట్టి అక్షరాలో, నక్షత్రపు గుర్తో ఉంటుంది, అలా తెలియజేయాలన్నది అక్కడి నియమం.

ద్రాక్షసారా తాగే అలవాటు ఉంటే సీసా వద్దు, "హీమా" అడగండి. పీపాలోంచి జగ్గులో పోసి తెచ్చేది అది. దాన్ని కూడా కిలోలలోనే అంటారు, మిసో కిలో అంటే అర లీటరు, తెతార్తో అంటే పావు. రెత్సీనా అనే తెల్ల రకంలో పైన్ చెట్టు జిగురు వేసి పులియబెడతారు. మొదటి గుక్కకు వార్నిష్ వాసన అనిపిస్తుంది, నిమ్మ, నూనె, వెల్లుల్లి కలిసిన తిండితో నాలుగో గుక్కకు దాని అర్థం తెలుస్తుంది. ఊజోలో నీళ్లు పోస్తే పాలలా తెల్లబడుతుంది, చెడిపోయిందని కంగారు పడకండి, సోంపు నూనె విడివడడం అది. తాగనివారిని ఎవరూ బలవంతం చేయరు. మీ అమ్మగారికి పుల్లచెర్రీల పానకం విసినాదా దొరుకుతుందేమో అడిగి చూడండి.

తిన్నాక గంట కూర్చున్నా బిల్లు తేరు. లేచిపొమ్మన్నట్టు అవుతుందని వారి భావన. "తొన్ లొగరియాస్మో పరకలో" అని మీరే అడగాలి. ఆ మాట అన్నాక ఎక్కడో ఒకచోట కేరస్మా వస్తుంది, అంటే ఇంటివారి తరఫు నుంచి ఉచితంగా పుచ్చకాయ ముక్కలో, పెరుగు మీద పళ్ల మురబ్బానో, హల్వానో. ఆ హల్వా రవ్వతో చేసింది అయితే మీ అమ్మగారికి ఇట్టే గుర్తుపట్టే వస్తువు. కొలత నోటిలెక్కగా ఒకటి, రెండు, మూడు, నాలుగు: ఒక పాలు నూనె, రెండు రవ్వ, మూడు చక్కెర, నాలుగు నీళ్లు. నెయ్యి లేదు కనుక ఉపవాసానికీ చెల్లుతుంది. బిల్లుతో పాటు ముద్రించిన రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టే బాధ్యత వినియోగదారుకు లేదని ప్రతి కార్డులోనూ చట్టప్రకారం రాసి ఉంటుంది. బక్షీషు తప్పనిసరి కాదు, బిల్లును పై అంకెకు సరిచేసి వదలడమో, పదింట ఒక వంతు లోపు ఇవ్వడమో చాలు.

ముందుగా బల్ల చెప్పి ఉంచాలా అని చివర్లో అడిగారు. వారపు రోజుల్లో మధ్యాహ్నానికి అవసరం లేదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం తాతముత్తాతల నుంచి పసిపిల్లల దాకా కుటుంబాలన్నీ అక్కడే ఉంటాయి కనుక ముందురోజు ఫోన్ చేయండి, లేదా దారిలో పోతూ నోటిమాటగా చెప్పండి. ఆదివారం రాత్రి మూసి ఉంచే చోట్లు తక్కువేమీ కావు, కాబట్టి ఆ పూటకు ప్రణాళిక పెట్టుకోకండి. బయటి బల్లల దగ్గర పొగతాగేవారు ఉంటారు, మీ నాన్నగారికి అది పడకపోతే గాలివాటు చూసుకొని గోడ పక్కన కూర్చోండి. బల్ల కిందికి పిల్లులు తప్పక వస్తాయి. మీరు పైదాకియా తింటుంటే మీ దగ్గరే ఉంటాయి, అమ్మానాన్నల వైపు వెళ్లవు.